1971లో మునిగిన ఖుక్రీ 2021లో వైజాగ్‌లో ఎలా రిటైరైంది?

మీ ప్రశ్న బాగుంది. డయ్యూ టూర్‌లో ఐఎన్‌ఎస్ ఖుక్రీ స్మారకం చూశారు, అద్దాల పెట్టెలో ఉన్న ఓడ నమూనా చూశారు, "1971 యుద్ధంలో పాకిస్తాన్ ముంచిన డిస్ట్రాయర్" అని గైడ్ చెప్పాడు. ఇంటికొచ్చాక నెట్‌లో వెతికితే ఐఎన్‌ఎస్ ఖుక్రీ 2021 డిసెంబర్‌లో విశాఖపట్నంలో డీకమిషన్ అయిందని పాత వార్త కనిపించింది. యాభై ఏళ్ల కిందట మునిగిన ఓడ మొన్న రిటైరవడమేంటి, పైకి తీసి బాగుచేశారా, లేక వేరే ఓడా, వేరేదైతే మునిగిపోయిన దాని పేరు ఎవరైనా మళ్లీ పెట్టుకుంటారా, ఇదీ మీ సందేహం.

అవి రెండూ వేర్వేరు ఓడలు. మొదటి ఖుక్రీ ఇప్పటికీ డయ్యూకి నైరుతి దిక్కున అరేబియా సముద్రం అడుగునే ఉంది, దాన్ని ఎవరూ పైకి తీయలేదు. వైజాగ్‌లో రిటైరైంది అదే పేరుతో 1989లో నేవీలో చేరిన రెండో ఖుక్రీ. ఇంకో చిన్న సవరణ. మొదటి ఖుక్రీ డిస్ట్రాయర్ కాదు, ఫ్రిగేట్. రెండోది అంతకంటే కింది తరగతి, కార్వెట్. మనవాళ్లు బూడిదరంగు ఓడ ఏది కనిపించినా డిస్ట్రాయర్ అనేస్తారు కాబట్టి గైడ్‌ని తప్పుపట్టను. స్థూలంగా చెప్పాలంటే డిస్ట్రాయర్ పెద్దది, వేగంగా పోతుంది, అన్ని రకాల ఆయుధాలూ మోస్తుంది. ఫ్రిగేట్ దానికంటే చిన్నది, పాత రోజుల్లో ముఖ్యంగా కాన్వాయ్‌లకి కాపలా, సబ్‌మెరైన్ల వేట దాని పని. కార్వెట్ ఇంకా చిన్నది. ఈ రోజుల్లో ఆ గీతలు బాగా చెరిగిపోయాయి, ఇప్పటి ఫ్రిగేట్లు కొన్ని అప్పటి డిస్ట్రాయర్ల కంటే రెండింతలుంటాయి. ఆ యుద్ధంలో నిజంగా ఒక డిస్ట్రాయర్ మునిగింది, కానీ అది మనది కాదు, పాకిస్తాన్‌ది. దాని పేరుకీ ఇలాంటి కథే ఉంది, అక్కడికి తర్వాత వస్తాను.

నేను నేవీలో సోనార్ మీద, అంటే శబ్దంతో నీటి కింద వెతికే యంత్రం మీద, పనిచేసి రిటైరైన వాడిని. 71 యుద్ధం నాటికి సర్వీసులో లేను. కానీ మా ట్రేడ్‌లోకి వచ్చిన ఎవరికైనా ఖుక్రీ గురించి వినకుండా ట్రైనింగ్ పూర్తవదు, ఎందుకంటే ఆ రాత్రి జరిగిందాంట్లో సోనార్ పాత్ర చాలా ఉంది.

మొదటి ఖుక్రీ బ్రిటన్‌లో తయారైంది. కౌస్ అనే ఊళ్లో జె. శామ్యూల్ వైట్ కంపెనీ కట్టింది, 1958లో మన నేవీలో చేరింది. పెనెంట్ నంబర్, అంటే ఓడ పక్కన పెద్దగా రాసి ఉండే నంబర్, ఎఫ్149. బ్రిటిష్ వాళ్ల బ్లాక్‌వుడ్ తరగతి, టైప్ 14 అని కూడా అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రష్యా సబ్‌మెరైన్లకి భయపడి, తక్కువ ఖర్చులో ఎక్కువ ఓడలు కావాలని బ్రిటన్ వేసుకున్న డిజైన్ అది. ఒకే షాఫ్టు, అంటే ఒకే ప్రొపెల్లర్. పెద్ద తుపాకులు లేవు, విమానాల మీదకి కాల్చడానికి 40 ఎంఎం బోఫోర్స్ గన్‌లు మూడు. అసలు ఆయుధం లింబో అనే యాంటీ సబ్‌మెరైన్ మోర్టార్లు, ముందుకి బాంబులు విసిరేవి. ఓడ మొత్తం ఒకే పని కోసం పుట్టింది, సబ్‌మెరైన్‌ని వెతికి చంపడం. అదే తరగతివి మనం మూడు కొన్నాం. ఖుక్రీ, కిర్పాన్, కుఠార్. మూడూ ఆయుధాల పేర్లే, మూడూ కలిసి 14వ ఫ్రిగేట్ స్క్వాడ్రన్. యుద్ధం నాటికి స్క్వాడ్రన్ కమాండరూ, ఖుక్రీ కెప్టెనూ ఒకరే, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా. గోరఖ్‌పూర్‌లో పుట్టిన కాశ్మీరీ పండిత్ కుటుంబం వాడు.

అవతలి పక్క పాకిస్తాన్ నేవీ వాళ్ల పీఎన్‌ఎస్ హంగోర్. ఫ్రాన్స్‌లో కట్టిన డాఫ్నే తరగతి సబ్‌మెరైన్, అప్పటికి రెండేళ్ల కొత్తది. పన్నెండు టార్పెడో ట్యూబులు, మంచి సోనార్, బ్యాటరీ మీద నడుస్తుంటే దాదాపు శబ్దం లేదు. కమాండర్ అహ్మద్ తస్నీమ్. యుద్ధం మొదలవ్వక ముందే బొంబాయి బయట కాపు వేసింది, మన పశ్చిమ నౌకాదళం బయటికి పోతుంటే చూసింది కూడా. కానీ అప్పటికి యుద్ధం ప్రకటించలేదు కాబట్టి కాల్చడానికి ఆర్డర్ లేదు. తర్వాత దాని రేడియో సంకేతాలు మనవాళ్లకి దొరికాయి, డయ్యూ చుట్టుపక్కల ఒక సబ్‌మెరైన్ ఉందని తెలిసింది. వేటకి 14వ స్క్వాడ్రన్‌ని పంపాలి. అప్పటికే కుఠార్ బాయిలర్ రూమ్ ప్రమాదంతో పక్కకి తప్పుకుంది. మిగిలినవి రెండు, ఖుక్రీ, కిర్పాన్. డిసెంబర్ 8న బొంబాయి నుంచి బయల్దేరాయి.

సోనార్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే ఆ రాత్రి ఎందుకలా జరిగిందో అర్థం కాదు. సముద్రంలో రాడార్ నీటి కిందకి పనిచేయదు, కాబట్టి శబ్దమే దిక్కు. మనం ఒక పింగ్ వదులుతాం, నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది, దేనికైనా తగిలి వెనక్కొస్తే ఎంతసేపు పట్టిందో చూసి దూరం లెక్కేస్తాం. వినడానికి సులువే. కానీ సముద్రం స్విమ్మింగ్ పూల్ కాదు. పైపొర వేడిగా, కింద చల్లగా ఉంటే శబ్దం తిన్నగా పోకుండా వంగిపోతుంది, ఆ వంపు కింద నీడలా ఒక ప్రాంతం మిగులుతుంది, సబ్‌మెరైన్ అక్కడ దాక్కుంటే పట్టుకోవడం చాలా కష్టం. దానికితోడు మన ఓడ చేసే చప్పుడు. వేగం పెరిగేకొద్దీ ప్రొపెల్లర్ హోరు, సోనార్ డోమ్ చుట్టూ నీళ్లు కొట్టుకునే హోరు పెరిగి, వచ్చిన ప్రతిధ్వని అందులో కలిసిపోతుంది. అందుకని సోనార్ వాడికి ఎప్పుడూ ఓడ నెమ్మదిగా పోవాలని ఉంటుంది, కెప్టెన్‌కి ఎప్పుడూ వేగంగా, వంకరటింకరగా పోవాలని ఉంటుంది. ఆ రెండింటి మధ్య గొడవ మా ఉద్యోగంలో రోజూ ఉండేదే.

ఖుక్రీలో ఉన్న సోనార్ పాతకాలపుది, దాని చూపు తక్కువ దూరం. డాఫ్నే సోనార్‌కి అంతకంటే ఎక్కువ దూరం వినిపించేది. అంటే వేటగాడికంటే ముందే వేటకి కనిపిస్తుంది. ఈ తేడాని తగ్గించాలని ఒక యువ ఎలక్ట్రికల్ అధికారి సోనార్ దూరం పెంచే ఒక పరికరం తయారుచేశాడు, దాన్ని ఖుక్రీలో బిగించి ఆ ప్రయాణంలోనే పరీక్షిస్తున్నారు. ఆ పరికరం బాగా పనిచేయాలంటే ఓడ నెమ్మదిగా పోవాలి. అందుకే రెండు ఓడలూ సుమారు 12 నాట్ల వేగంతో, అంటే గంటకి 22 కిలోమీటర్లతో, ఒక దీర్ఘచతురస్రం గీసినట్టు ఒకే పద్ధతిలో తిరుగుతూ వెతికాయి. నీళ్ల కింద ఉన్న సబ్‌మెరైన్‌కి ఇంతకంటే ఏం కావాలి? బ్యాటరీ మీద నడిచే సబ్‌మెరైన్ 20 నాట్లు దాటి జిగ్‌జాగ్‌గా పోయే ఫ్రిగేట్‌ని ఎక్కువసేపు వెంబడించలేదు, బ్యాటరీ ఖాళీ అవుతుంది. కానీ నెమ్మదిగా, ఊహించగలిగేలా తిరిగే ఓడ ముందుకి వెళ్లి కూర్చుంటే ఓడే దగ్గరికొస్తుంది. హంగోర్ చేసింది అదే. ఆ అధికారి కూడా ఆ రాత్రి ఖుక్రీతోపాటే పోయాడు. అతన్ని నిందించేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. చేతిలో ఉన్న పాత సామానుతో కొత్త శత్రువుని పట్టుకోవడానికి బుర్ర పెట్టి ప్రయత్నించాడు. అసలు ప్రశ్న వేయాల్సింది యాభైల నాటి సబ్‌మెరైన్ల కోసం చేసిన ఓడల్ని డాఫ్నే మీదకి పంపిన పరిస్థితి గురించి. అయితే వేరే ఓడలు అందుబాటులో లేవు, సబ్‌మెరైన్‌ని అలా వదిలేయలేరు, అదీ నిజమే.

డిసెంబర్ 9 రాత్రి. హంగోర్ మొదటి టార్పెడో కిర్పాన్ మీద వదిలింది. అది కిర్పాన్ కిందినుంచి పోయింది, పేలలేదు. రెండోది ఖుక్రీ మీద, మన టైము ప్రకారం రాత్రి 8.45 ప్రాంతంలో. అది సరిగ్గా ఓడ అడుగున తగిలింది. టార్పెడో పక్కన తగిలితే బొక్క పడుతుంది, కింద పేలితే ఓడ వెన్ను విరుగుతుంది, వెయ్యి, పదిహేనువందల టన్నుల ఓడకి అది తట్టుకునే దెబ్బ కాదు. కరెంటు పోయింది, అనౌన్స్‌మెంట్ సిస్టమ్ పోయింది. చీకట్లో, వంగిపోతున్న ఓడలో, కింది డెక్కుల్లో ఉన్నవాళ్లు నిటారు నిచ్చెనలెక్కి ఇరుకు హ్యాచ్‌ల్లోంచి బయటికి రావాలి. మొత్తం రెండు నిమిషాలు. పద్దెనిమిది మంది అధికారులు, 176 మంది సెయిలర్లు పోయారు, 194 మంది. బతికింది 67 మంది.

కెప్టెన్ ముల్లా బ్రిడ్జి మీద, అంటే ఓడని నడిపించే చోట, ఉన్నాడు. దగ్గరున్నవాళ్లని నీళ్లలోకి దూకమని తోశాడు, తన లైఫ్ జాకెట్ ఇంకొకరికి ఇచ్చాడు, తను మాత్రం ఓడతోపాటే ఉండిపోయాడు. ఇవి బతికి వచ్చినవాళ్లు చెప్పిన మాటలు. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. "కెప్టెన్ ఓడతోపాటు మునగాలని నేవీలో రూల్ ఉంది, అందుకే ఉండిపోయాడు" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అలాంటి రూలేమీ లేదు, నేవీ ఎవర్నీ చావమని చెప్పదు. ఉన్న రెండు నిమిషాల్లో తన వెనకున్న మనుషులు బయటపడేదాకా ఆయన కదల్లేదు, కదిలే సమయానికి సమయం అయిపోయింది. నాకు తోచింది ఇంతే.

కిర్పాన్ సంగతి చాలామంది అడుగుతారు, "తోటి ఓడ వదిలేసి పారిపోయిందా" అని. ఇది అన్యాయమైన మాట. నీళ్ల కింద ఇంకా టార్పెడోలున్న సబ్‌మెరైన్ ఉంది, మనుషుల్ని ఎక్కించుకోవడానికి ఆగిన ఓడ ఇంకో గురి. హంగోర్ మూడో టార్పెడో కిర్పాన్ వెనకాలే వదిలింది కూడా, పూర్తి వేగంతో పోబట్టి తప్పించుకుంది. తర్వాత బతికున్నవాళ్లని సముద్రంలోంచి ఎక్కించుకున్నది ఐఎన్‌ఎస్ కచ్చల్, మర్నాడు. కచ్చల్ పేరు గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత రోజుల తరబడి ఓడలు, విమానాలు, హెలికాప్టర్లు హంగోర్ కోసం సముద్రం జల్లెడ పట్టాయి, అది దొరకలేదు, కరాచీ చేరుకుంది. తస్నీమ్‌కి సితారా-ఎ-జుర్రత్ అనే పాకిస్తాన్ శౌర్య పతకం వచ్చింది, వైస్ అడ్మిరల్ దాకా వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సబ్‌మెరైన్ చేతిలో మునిగిన మొదటి యుద్ధనౌక ఖుక్రీ. స్వతంత్ర భారతదేశం యుద్ధంలో పోగొట్టుకున్న యుద్ధనౌక ఇప్పటివరకు అదొక్కటే.

ఇప్పుడు ఆ డిస్ట్రాయర్. ఖుక్రీ మునగడానికి ఐదు రోజుల ముందు, డిసెంబర్ 4 రాత్రి, కరాచీ మీద ఆపరేషన్ ట్రైడెంట్. చాలా ఏళ్లపాటు డిసెంబర్ 4న మన ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూశామే, ఆ నేవీ డే ఈ రాత్రి పేరు మీదే. నిర్ఘాత్, నిపాత్, వీర్ అనే మూడు చిన్న మిసైల్ బోట్లు, వాటికి తోడుగా కిల్తాన్, కచ్చల్. అవును, అదే కచ్చల్. నిర్ఘాత్ స్టిక్స్ మిసైల్ వదిలింది, తగిలింది పీఎన్‌ఎస్ ఖైబర్‌కి. ఖైబర్ నిజమైన డిస్ట్రాయర్, బ్రిటిష్ వాళ్ల బ్యాటిల్ తరగతి. బ్రిటన్‌లో దాని పేరు హెచ్‌ఎంఎస్ కాడిజ్, 1957లో పాకిస్తాన్‌కి అమ్మారు. 1965లో ద్వారక మీద కాల్పులు జరిపిన ఓడల్లో ఇదీ ఉంది. మిసైల్ అనేది అక్కడెవరూ అప్పటిదాకా చూడలేదు. ఆకాశంలో వెలుగు కనిపిస్తే విమానమనుకుని గన్‌లు కాల్చారు. మొదటి మిసైల్ తగిలాక కూడా శత్రు విమానాలు దాడి చేశాయని మెసేజ్ పంపారు, అందులో తామున్న చోటు తప్పుగా చెప్పారు. రెండో మిసైల్‌తో ఓడ పోయింది. ఆ తప్పుడు పొజిషన్ వల్ల వెతకడానికి వెళ్లినవాళ్లు వేరే చోట వెతికారు, నీళ్లలో ఉన్నవాళ్లకి సాయం ఆలస్యమైంది. అక్కడా రెండువందల మందికి పైగా చనిపోయారు. మా ఊళ్లో ఈ మాటంటే కొందరికి నచ్చదు గానీ, నీళ్లలో పడ్డ సెయిలర్ ఎవడైనా సెయిలరే.

పాకిస్తాన్ కూడా ఆ పేరు వదల్లేదు. 1994లో బ్రిటన్ నుంచి పాత ఫ్రిగేట్ హెచ్‌ఎంఎస్ ఆరోని కొని దానికి ఖైబర్ అని పెట్టింది. ఈ ఆరోకి ముందే ఒక చరిత్ర ఉంది. 1982లో బ్రిటన్‌కీ అర్జెంటీనాకీ జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో హెచ్‌ఎంఎస్ షెఫీల్డ్ అనే డిస్ట్రాయర్‌కి ఎక్సోసెట్ మిసైల్ తగిలినప్పుడు పక్కకి వచ్చి ఆనుకుని మంటలు ఆర్పడానికి సాయపడి, సిబ్బందిని ఎక్కించుకున్న ఓడ ఇదే. మిసైల్‌కి పోయిన డిస్ట్రాయర్ పేరు, మిసైల్‌కి పోయిన ఇంకో డిస్ట్రాయర్ మనుషుల్ని కాపాడిన ఓడకి వెళ్లింది. అది రిటైరయ్యాక మళ్లీ టర్కీలో కట్టించుకున్న కొత్త యుద్ధనౌకకి కూడా ఖైబర్ పేరే పెట్టారు, 2022లో ఇస్తాంబుల్‌లో నీళ్లలోకి దించారు. అంటే మూడో ఖైబర్.

మీ అసలు ప్రశ్న, మునిగిన ఓడ పేరు మళ్లీ పెడితే అశుభం కాదా అని. నావికులకి మూఢనమ్మకాలు తక్కువేం కాదు, కొత్త ఓడ నీళ్లలోకి దిగేటప్పుడు కొబ్బరికాయ కొట్టకుండా ఎవరూ దించరు. కానీ పేరు విషయంలో ప్రపంచంలోని నేవీలన్నీ మన ఇళ్లలో చేసేదే చేస్తాయి, పోయిన తాత పేరు మనవడికి పెట్టినట్టు. తాత ఎలా పోయాడన్నది ఎవరూ పట్టించుకోరు, ఆ పేరు ఇంట్లో పిలవకుండా పోకూడదు, అంతే. యుద్ధంలో పోయిన ఓడ పేరైతే ఇంకా ముందు వరసలో ఉంటుంది. షెఫీల్డ్ 1982 మే 4న దెబ్బతిని తర్వాత మునిగింది, అదే యుద్ధంలో కావెంట్రీ అనే ఇంకో డిస్ట్రాయర్ కూడా పోయింది. కొన్నేళ్లలోనే బ్రిటన్ రెండు కొత్త ఫ్రిగేట్లకి షెఫీల్డ్, కావెంట్రీ అని పెట్టింది. ఆ రెండో షెఫీల్డ్‌ని తర్వాత చిలీకి, కావెంట్రీని రుమేనియాకి అమ్మారు, అక్కడ పేర్లు మారిపోయాయి. షెఫీల్డ్ పేరు ఇప్పుడు మళ్లీ కొత్త తరం ఫ్రిగేట్లలో ఒకదానికి ఖరారైంది.

అమెరికా వాళ్ల లాఫీ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. మొదటి లాఫీ డిస్ట్రాయర్ 1942 నవంబర్ 13 రాత్రి గ్వాడల్‌కెనాల్ దగ్గర జపాన్ యుద్ధనౌకల మధ్య ఇరుక్కుని, మరీ దగ్గర్నుంచి కాల్చుకుంటూ మునిగింది. రెండేళ్లు తిరక్కుండానే, 1944లో, అదే పేరుతో ఇంకో డిస్ట్రాయర్ వచ్చింది. 1945 ఏప్రిల్ 16న ఒకినావా దగ్గర దాని మీద ఆత్మాహుతి విమానాలు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి, బాంబులు తగిలాయి, వెనక భాగం మండిపోయింది. అయినా మునగలేదు, ఇప్పుడు సౌత్ కరోలినాలో మ్యూజియంగా ఉంది. అమెరికాలో చార్లెస్టన్ వైపు ఉన్న మన తెలుగువాళ్లెవరైనా వీకెండ్‌లో వెళ్లి చూడొచ్చు. అశుభం అనుకుని ఆ పేరు పెట్టకపోయి ఉంటే ఇలాంటి పేరు ఒకటి చరిత్రలో మిగిలేది కాదు.

మన ఖుక్రీకి తిరిగి పేరు రావడానికి మాత్రం పద్దెనిమిదేళ్లు పట్టింది. ఎందుకంటే మనం కొన్న ఓడకి కాకుండా మనం కట్టుకున్న ఓడకే ఆ పేరు వచ్చింది. ఈలోగా పాత అక్కచెల్లెళ్లు కిర్పాన్, కుఠార్ 1978లో, అప్పుడే పుట్టిన కోస్ట్ గార్డ్‌కి వెళ్లాయి, కోస్ట్ గార్డ్ తొలి పెద్ద ఓడలు అవే. వాటి పేర్లు కూడా ఖాళీ అయ్యాక నేవీ ప్రాజెక్ట్ 25 అని కొత్త కార్వెట్ల వరసకి ఖుక్రీ, కుఠార్, కిర్పాన్ అని మళ్లీ పెట్టింది, నాలుగోదానికి ఖంజర్. వరస మొత్తాన్ని ఖుక్రీ తరగతి అంటారు, ఎందుకంటే మామూలుగా వరసలో మొదటి ఓడ పేరే తరగతి పేరు. ఖుక్రీని ముంబై మజగావ్ డాక్ కట్టింది, 1989 ఆగస్ట్ 23న నేవీలో చేరింది. అప్పటి రక్షణమంత్రి కృష్ణచంద్ర పంత్, ఆయనతోపాటు కెప్టెన్ ముల్లా భార్య సుధా ముల్లా కూడా ఆ ఓడని ప్రారంభించారు. నంబర్ పీ49. పాతదాని ఎఫ్149కి దగ్గరగా ఉందని గమనించే ఉంటారు.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆసక్తిగా అనిపించే విషయం ఒకటుంది. సైజులో రెండు ఖుక్రీలూ ఇంచుమించు సమానమే, రెండూ తొంభై మీటర్ల పైచిలుకు పొడవు. పని మాత్రం పూర్తిగా వేరు. పాత ఖుక్రీ సబ్‌మెరైన్ల కోసమే పుట్టి సబ్‌మెరైన్ చేతిలోనే పోయింది. కొత్త ఖుక్రీ మిసైల్ ఓడ, శత్రువు ఓడల మీద కాల్చడానికి, సబ్‌మెరైన్ వేట దాని ముఖ్యమైన పని కాదు. ముందుభాగంలో నాలుగు మిసైళ్లు, 76 ఎంఎం గన్, వెనక హెలికాప్టర్ దిగే డెక్కు. ఆ మిసైళ్లు పీ-20ఎం, అంటే ఖైబర్‌ని ముంచిన స్టిక్స్ కుటుంబమే. సబ్‌మెరైన్ల వేటకని విడిగా కట్టిన కార్వెట్లు ఆ తర్వాత చాలా ఏళ్లకి వచ్చాయి, కమోర్తా తరగతి. అందులో ఒకదాని పేరు కిల్తాన్, ట్రైడెంట్‌లో పాల్గొన్న పాత కిల్తాన్ పేరే. 2017 అక్టోబర్ 16న అది మన వైజాగ్‌లోనే నేవీలో చేరింది. కచ్చల్ పేరు మాత్రం నా లెక్కలో ఇంకా అప్పుగా ఉంది, ఎప్పుడిస్తారో.

కొత్త ఖుక్రీ 32 ఏళ్లు పనిచేసింది, పశ్చిమ నౌకాదళంలోనూ తూర్పు నౌకాదళంలోనూ. 28 మంది కమాండింగ్ ఆఫీసర్లు మారారు, 6,44,897 నాటికల్ మైళ్లు తిరిగింది. ఖుక్రీ అంటే గూర్ఖాల కత్తి, ఆ పేరుకి తగ్గట్టే ఆర్మీలో గూర్ఖా బ్రిగేడ్‌తో దానికి అనుబంధం ఉండేది. 2021 డిసెంబర్ 23న వైజాగ్‌లో సాయంత్రం జెండా దించారు. ఆ ఏడాది వైజాగ్‌కి ఓడల పేర్ల ఏడాదే. మే 21న ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ డిస్ట్రాయర్ ఇక్కడే రిటైరైంది. దానికి ముందు ఆ పేరున్న పాత రాజ్‌పుత్, బ్రిటిష్ డిస్ట్రాయర్ హెచ్‌ఎంఎస్ రాథర్‌హామ్, 71లో వైజాగ్ బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన రాత్రి హార్బర్‌లోంచి బయటికెళ్తూ డెప్త్ చార్జీలు, అంటే నీటి కింద పేలే బాంబులు, వేసిన ఓడ. ఘాజీ వాటివల్లే పోయిందా, లోపలే ఏదో పేలి పోయిందా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు, దాని జోలికి ఇప్పుడు పోను. నవంబర్ 21న కొత్త డిస్ట్రాయర్ ఐఎన్‌ఎస్ విశాఖపట్నం ముంబైలో నేవీలో చేరింది. డిసెంబర్‌లో ఖుక్రీ వెళ్లిపోయింది.

రిటైరైన ఓడల్ని మామూలుగా తుక్కుకి అమ్మేస్తారు, లేదా ఫైరింగ్ ప్రాక్టీసుకి టార్గెట్‌గా వాడతారు. ఖుక్రీని అలా చేయలేదు. 2022 జనవరిలో వైజాగ్ నుంచి డయ్యూ తీసుకెళ్లి, 26న అక్కడి పాలనాయంత్రాంగానికి మ్యూజియం కోసం అప్పగించారు. మొదటి ఖుక్రీ మునిగిన చోటు అక్కడికి నలభై నాటికల్ మైళ్ల దూరంలోనే. అందుకే మీరు చదివిన వార్తల్లో డయ్యూ, వైజాగ్, 1971, 2021 అన్నీ ఒకే పేరు చుట్టూ కలిసిపోయి గందరగోళంగా కనిపించాయి. మీరు చూసిన అద్దాల స్మారకం 1999 నాటిది, అందులో ఉన్న నమూనా పాత ఖుక్రీది, మిసైళ్లుండవు, గమనించండి. మిసైల్ ట్యూబులు కనిపిస్తే అది కొత్తది, ఫోటోల్లో రెండింటినీ విడదీయడానికి ఇదే తేలిక గుర్తు.

కొత్త కిర్పాన్‌ది ఇంకో దారి. 2023 జూన్ 28న వైజాగ్ నుంచి త్రివర్ణ పతాకంతోనే బయల్దేరి వియత్నాం వెళ్లింది, జూలై 22న కామ్ రాన్‌లో వాళ్ల నేవీకి ఇచ్చేశారు. ఆయుధాలతో సహా, పూర్తిగా నడుస్తున్న కార్వెట్‌ని మనం ఒక స్నేహదేశానికి ఊరికే ఇవ్వడం అదే మొదటిసారి. 71లో ఖుక్రీ పక్కన నడిచిన ఓడ పేరు అలా మన జాబితాలోంచి ప్రస్తుతానికి ఖాళీ అయింది.

చివరగా, ఇలాంటి పేర్లు చదివేటప్పుడు ఒక పద్ధతి పాటించండి, సగం గందరగోళం తగ్గుతుంది. పేరు పక్కన ఎప్పుడూ సంవత్సరం, పెనెంట్ నంబర్ చూడండి. ఒకే సమయంలో ఒకే నేవీలో ఒకే పేరుతో రెండు ఓడలు పనిచేయవు, కాబట్టి సంవత్సరం తెలిస్తే ఏ ఓడో తెలిసిపోతుంది. అవతలి పక్కా ఇంతే. హంగోర్ అసలుది 2006లో రిటైరై కరాచీలో మ్యూజియంలో ఉంది, ఇప్పుడు చైనా సాయంతో కట్టుకుంటున్న కొత్త సబ్‌మెరైన్లకి హంగోర్ తరగతి అని పేరు పెట్టారు, మొదటిదాన్ని 2024లో వూహాన్‌లో నీళ్లలోకి దించారు. రేపు టీవీలో "హంగోర్ మళ్లీ అరేబియా సముద్రంలోకి" అని స్క్రోలింగ్ వస్తే ఖుక్రీని ముంచిన ముసలి సబ్‌మెరైన్ అనుకుని టెన్షన్ పడకండి. అయితే ఆ కొత్తదాన్ని పట్టుకోవడం పాతదాన్ని పట్టుకోవడం కంటే కష్టమే, గాలి పీల్చడానికి తరచుగా పైకి రావాల్సిన అవసరం లేని రకం అది. సోనార్ మీద కూర్చునే ఇప్పటి కుర్రాళ్లకి చేతినిండా పనే.